తుక్కు బండికి బేరం

తాండూరు షోరూం వ్యాను సోమవారం పొద్దున వస్తుంది. కొత్త బండిని దించి, పాత బండిని ఎక్కించుకుని పోతుంది. పోయిన వారం భర్త దశరథ్ ఫోన్లో ఆ మాట ఖాయం చేసుకుంటుంటే నవనీత పక్కనే నిలబడి విన్నది. ఇంకో రెండు రోజులు ఆగుదామన్నది. ఎందుకని అతనడిగితే చెప్పడానికి ఆమె దగ్గర కారణమేమీ లేదు. ఎందుకో మనసొప్పడం లేదు, అంతే.

ఆ పాత బండి సంగతి ధారూర్‌లో తెలియనివాళ్ళు లేరు. రెండేళ్ళ కింద, భాద్రపదం వానలో, అనంతగిరి ఘాటు మలుపులో అది రాతిగోడను గుద్దుకుంది. నడిపింది దశరథ్. వెనక కూర్చున్నది నవనీత తమ్ముడు బీరప్ప, ఇరవై మూడేళ్ళవాడు. సీతాఫలాల కోసం అడవిలోకి పోయిన ఆడవాళ్ళు గంట తర్వాత వాళ్ళను చూసేసరికి బీరప్ప ప్రాణం పోయింది. దశరథ్ నలభై రోజులు ఆస్పత్రిలో ఉండి, ఎడమకాలు అంగుళం పొట్టిదై ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో అతనికి ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. వానలో వేగంగా పోయుంటాడని ఊరు అన్నది. ఊరు అన్నదే అతనూ నమ్మాడు. మర్పల్లిలో ఉండే అత్త సుమిత్రమ్మ ఆనాటి నుంచి అల్లుడితో మాట్లాడలేదు.

ప్రమాదానికి ముందు దశరథ్ హైదరాబాదు నుంచి సరదాగా బైకుల మీద వచ్చేవాళ్ళకు అనంతగిరి గుట్టల్లో దారి చూపించేవాడు. గొర్లు కాసిన తాతల కాలంనుంచీ ఆ బాటలు వాళ్ళ ఇంటివాళ్ళకు కొట్టిన పిండి. ఆ పనికి రాళ్ళలో, వాగుల్లో నడిచే ఎత్తయిన బండి కావాలి. అందుకే అప్పట్లో ‘సహ్య’ కొన్నాడు. ఇప్పుడు కంపెనీవాళ్ళు అదే సహ్యను కొత్తగా మలిచి మళ్ళీ దించారు. పాతదాంట్లో హ్యాండిల్ ఉన్నట్టుండి బిగుసుకుంటుందని చాలామంది మొత్తుకున్నారు, అది సరిచేశారు. సీటు ఎత్తు తగ్గించారు. దశరథ్ ఈ వివరాలన్నీ నెల రోజులుగా ఫోన్లో చూస్తూనే ఉన్నాడు.

శనివారం ఇద్దరూ ధారూర్‌లో రైలెక్కి తాండూరు పోయారు. నవనీత వికారాబాద్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆ రోజుకు సెలవు పెట్టింది.

షోరూం ముందు రోడ్డంతా నాపరాయి లారీలు. గాజు తలుపుల మీద తెల్లటి దుమ్ము పేరుకుపోయి ఉంది. లోపల ఇద్దరు కుర్రవాళ్ళు ఏ రంగు బాగుంటుందో కన్నడంలో వాదించుకుంటున్నారు. యజమాని విజయ్‌కుమార్‌కు యాభై ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడే మనిషి. వీళ్ళను చూడగానే వాళ్ళిద్దరినీ వదిలేసి వచ్చాడు. టీ తనే తెచ్చి ఇచ్చాడు.

బండి బాగుంది. ఆ సంగతి నవనీత కూడా కాదనలేకపోయింది. ముందు చక్రం పెద్దది, ట్యాంకు సన్నబడింది, హ్యాండిల్ వేలితో తోసినా తిరుగుతోంది. దశరథ్ కుంటుకుంటూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎడమకాలు మీద భారం పడకుండా జాగ్రత్తగా ఎక్కి కూర్చున్నాడు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాయి. అతను కిందికి చూసుకున్నాడు, తర్వాత భార్య వైపు చూశాడు.

“రెండు కాళ్ళు అందుతున్నయ్,” అన్నాడు.

కొడంగల్ రోడ్డు మీద పది నిమిషాలు తిరిగి వచ్చేసరికి అతని ముఖం వేరుగా ఉంది. ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి రెండేళ్ళు దాటింది. అప్పుడు సంతకం పెట్టమని ఎవరైనా కాయితం చాపితే నవనీత మారు మాట్లాడకుండా పెట్టేసేది.

కానీ విజయ్‌కుమార్ కాయితం చాపలేదు. పాత బండి గురించి అడిగాడు. ఎక్కడుంది, ఎండకా నీడకా అన్నాడు. ఇంటి వెనక కొట్టంలో టార్పాలిన్ కప్పి ఉందని దశరథ్ చెప్పాడు. నెల కింద మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇదే చెప్పాడు. అదింకా ఉందని అప్పుడే తెలిసిన విజయ్‌కుమార్, ఎట్లా ఉన్నా సరే ఎక్స్‌చేంజి కింద తీసుకుంటానని మాటిచ్చాడు. ఇప్పుడు టీ గ్లాసు కింద పెడుతూ నవనీత వైపు తిరిగాడు.

“ఎవరన్న విప్పి చూసిండ్రా చెల్లె? వెనక క్యారియర్ గిట్ల అన్నీ గట్లనే ఉన్నయా?”

ఎవరూ ముట్టలేదని ఆమె చెప్పింది. అతను తల ఊపాడు. ప్రమాదం గురించి అడిగేవాళ్ళంతా ముందు చక్రం సంగతి అడుగుతారు, గోడ సంగతి అడుగుతారు. ఈయన వెనక క్యారియర్ అడిగాడేమిటి అనుకున్నది నవనీత.

తిరుగు రైల్లో ఆమె షోరూంలో ఇచ్చిన కాయితం మొత్తం చదివింది. కింద చిన్న అక్షరాల్లో, నడిచే స్థితిలో ఉన్న బండ్లనే ఎక్స్‌చేంజికి తీసుకుంటామని రాసి ఉంది. దశరథ్‌కు చూపించింది. సేటు మంచోడు, మనకు జరిగిన నష్టం తెలిసి జాలిపడ్డాడని అతనన్నాడు. కిటికీ పక్క కూర్చుని, వచ్చే నెల నుంచి ఏయే బాటల్లో బండ్లు తిప్పొచ్చో చెప్పుకుంటూ పోయాడు. నవనీత కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నది.

ఆ సాయంత్రమే ఆమె బాలస్వామికి ఫోన్ చేసింది. వికారాబాద్ రైల్వే గేటు దగ్గర ముప్పై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న మనిషి. బండి పోయేలోపు ఒక్కసారి చూడమన్నది. హ్యాండిల్ బిగుసుకునే జబ్బు వల్లే పడ్డారని తేలితే దశరథ్ తప్పు లేదని తేలుతుంది. ఆ మాట మర్పల్లి పోయి తల్లితో చెప్పొచ్చు. ఆమె ఆశ అంతవరకే.

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, అదే తెల్లచొక్కాతో బాలస్వామి వచ్చాడు. దశరథ్ గొర్లను తోలుకుని ఊరి బయటి మెట్టచెలక వైపు పోయి ఉన్నాడు. ఇద్దరూ కలిసి టార్పాలిన్ లాగారు. ముందు చక్రం నలిగి ఇంజనుకు అతుక్కుపోయి ఉంది. బాలస్వామి చొక్కా విప్పి మేకుకు తగిలించి, అరగంట సేపు పనిచేశాడు. హ్యాండిల్ తిరగడానికి లోపల గోళీలుండే కోన్‌సెట్‌ను విప్పి, గుడ్డతో తుడిచి, ఆమె అరచేతిలో పెట్టాడు. గోళీలు నున్నగా, గ్రీజుతో మెరుస్తున్నాయి.

“హ్యాండిల్‌కు ఏం కాలేదు, బిడ్డా. గా జబ్బు గీ బండికి రానేలేదు.”

నవనీత వాటిని తిరిగి అతనికి ఇచ్చేసింది. అంటే ఊరన్నదే నిజం. వేగమే. ఇక అమ్మకు చెప్పడానికేమీ లేదు.

అయితే బాలస్వామి లేవలేదు. వంగి బండి వెనకవైపుకు జరిగాడు. ఇనుప క్యారియర్‌ను వేళ్ళతో తడిమాడు. లావుపాటి కడ్డీలు రెండూ సీటు వైపుకు, ముందుకు వంగి ఉన్నాయి. సైలెన్సర్ కొన లోపలికి నొక్కుకుపోయింది. మడ్‌గార్డు సందులోంచి పట్టకారుతో ఏదో లాగాడు. జానెడు తెల్ల ప్లాస్టిక్ ముక్క, ఒక కొసకు విరిగిన మర.

“గోడకు గుద్దుకుంటే ముందర నలుగుతది. వెనక ఎందుకు నలుగుతది?” అన్నాడు. ముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు. “గిది కారు బంపర్‌ది. మీ ఆయన పడలేదు బిడ్డా. వెనకనుంచి గుద్దిండ్రు.”

నవనీత ఆ ముక్కను రెండు చేతులా పట్టుకుంది. ల్యాబులో సీసాల మీద పేర్లు రాసి మూతలు బిగించే చేతులవి. సంచిలోంచి శుభ్రమైన ప్లాస్టిక్ కవరు తీసి, ముక్కను అందులో వేసి, మూతి మడిచింది. దశరథ్‌కు ఫోన్ చేయబోతుండగా బయట వ్యాను హారన్ మోగింది.

సోమవారం రావలసిన వ్యాను ఆదివారమే వచ్చింది.

ఆమె కొట్టం తలుపు సందులోంచి చూసింది. వ్యాను మీద తాళ్ళతో కట్టిన కొత్త సహ్య, నీలం రంగుది. విజయ్‌కుమార్ దిగుతున్నాడు. స్టీరింగు ముందున్న మనిషి దిగలేదు. ముఖానికి దస్తీ కట్టుకుని ఉన్నాడు. నవనీత బాలస్వామిని లోపలే ఉండమని సైగ చేసింది. లోపల ఎవరూ లేనట్టే కనబడాలని, బయటికి వచ్చి తలుపు మూసి గొళ్ళెం పెట్టి తాళం వేసింది. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది.

ఇంటి ముందుకు వచ్చేసరికి దశరథ్ అప్పటికే అక్కడున్నాడు. దారిలో ఉండగానే సేటు ఫోన్ చేశాడట, గొర్లను పక్క చెలకవాళ్ళకు అప్పజెప్పి వచ్చాడట. సోమవారం మంచి రోజు కాదని ఈ రోజే తెచ్చామని విజయ్‌కుమార్ అంటున్నాడు. వ్యాను నడుపుతున్నది తమ్ముడు ప్రేమ్‌సాగర్ అనీ, జలుబు చేసి దిగడం లేదనీ అన్నాడు. కొత్త బండిని దించారు. దాని తాళంచెవి దశరథ్ చేతిలో పెట్టారు.

నవనీత ఆగమన్నది. అతను ఎక్కి కూర్చున్నాడు.

“ఘాటు దాక పోయొస్త, నవనీతా. గా మలుపు ఒక్కసారి దాటితెనే నేను గీ బండి కొంట. దాటకపోతె వద్దు.”

అతని ముఖంలో ఆత్రం లేదు, భయం ఉంది. ఆ భయాన్ని తొక్కిపట్టి కూర్చున్నాడని ఆమెకు అర్థమైంది. సేటు ముందు ఏమని చెప్పగలదు? కవరు సంచిలోనే ఉంది. ఆమె ఆలోచించుకునేలోపే నీలం బండి రోడ్డెక్కి అనంతగిరి వైపు తిరిగింది.

విజయ్‌కుమార్ గడప పక్కనున్న నాపరాయి అరుగు మీద కూర్చున్నాడు. దశరథ్ వచ్చేలోగా పాత బండిని వ్యాను ఎక్కిద్దామన్నాడు. కొట్టం తాళంచెవి ఇమ్మన్నాడు.

నవనీత ఆ బండిని ఇవ్వడం లేదన్నది.

అతనేమీ అనుకోలేదు. ధర తగ్గిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోకపోతే, అసలు ధరే వద్దు, కొత్త బండి ఊరికే ఉంచుకొమ్మన్నాడు. పైసలు కట్టొద్దు, కాయితాల ఖర్చు కూడా తనదేనన్నాడు. అంత ఖరీదైన బండిని ఒక తుక్కు ఇనుము కోసం వదులుకుంటున్న మనిషి ముఖం ఆమె పరిశీలనగా చూసింది. ఎండ లేదు, అయినా అతని మెడ చెమటతో తడిసి ఉంది. కళ్ళు మాటిమాటికీ వ్యాను వైపు పోతున్నాయి.

“నడువని బండ్లు తీసుకోం అని మీ కాయితంల రాసుంది. మీరెందుకు తీసుకుంటున్నరు సేటూ?”

“చెప్పిన కద చెల్లె. మీ ఇంట్ల గంత దుఃఖం జరిగింది. గది కండ్ల ముందర ఉంటె మీకు మనశ్శాంతి ఉండదు. తీస్కపోయి కరిగిపిచ్చేస్త. ఫికర్ ఉండదు.”

“మాకు మనశ్శాంతి లేనిది బండి తోని కాదు,” అన్నది నవనీత. ఆమె గొంతు పెంచలేదు. తల్లి గురించి చెప్పింది. సుమిత్రమ్మ రెండేళ్ళుగా ఎక్కడికి పోయినా సీసాతో నీళ్ళు పట్టుకుపోతుంది. దారిలో ఎవరు కనబడినా తాగమంటుంది. తాగకపోతే బతిమాలుతుంది. “నా తమ్ముడు గంటసేపు వానల పడి ఉన్నడు. నోట్లె నీళ్ళు పోసె దిక్కు లేక పోయిండని మా అమ్మ ఏడ్వని రోజు లేదు. గది మా ఇంటి దుఃఖం. బండి కాదు.”

విజయ్‌కుమార్ తల వంచుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నలుపుకున్నాడు. అతను మళ్ళీ మాట్లాడినప్పుడు అది బేరం చేసే గొంతు కాదు.

“అమ్మకు చెప్పు చెల్లె, గట్ల ఏడ్వొద్దని. నీళ్ళు లేక పోలేదు. రెండు గుక్కలు తాగిండు.”

రోడ్డు మీద ఒక ఆటో పోయింది. దొడ్లో గొర్రెపిల్ల అరిచింది. తనేమన్నాడో విజయ్‌కుమార్‌కు ఇంకా తెలిసినట్టు లేదు. నవనీత అరుగుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

“నీళ్ళెవరు పోసిండ్రు సేటూ?”

అతను తలెత్తాడు. ముఖం పాలిపోయింది. ఎవరో అనుకోగా విన్నానన్నాడు. ఎవరని ఆమె అడిగింది. సీతాఫలాలకు పోయిన ఆడవాళ్ళన్నాడు. వాళ్ళు వచ్చేసరికే ప్రాణం లేదని వాళ్ళే పోలీసుల కాయితంలో రాయించారని ఆమె చెప్పింది. ఆ తర్వాత సంచిలోంచి కవరు తీసి అతని పక్కన అరుగు మీద పెట్టింది. తెల్ల బంపర్ ముక్కను చూసిన విజయ్‌కుమార్ దాన్ని ముట్టుకోలేదు. చూపు తిప్పుకోనూ లేదు.

ఆమెకు అప్పుడు కోపం రాలేదు. వింతగా, తల్లే గుర్తొచ్చింది. రెండు గుక్కలు. ఈ మాట వినడానికి రెండేళ్ళు ఎదురుచూసిన మనిషికి, అది ఎవరి నోటినుంచి విన్నదో కూడా చెప్పాలి కదా అనిపించింది.

నీలం బండి చప్పుడు వినిపించింది. దశరథ్ మెల్లగా వచ్చాడు. పోయినప్పటి వేగం లేదు. బండి ఆపి, రెండు కాళ్ళూ నేలకానించి, హెల్మెట్ తీయకుండా కాసేపు అట్లాగే కూర్చున్నాడు. ఆ తర్వాత దిగి, కుంటుకుంటూ వచ్చి, తాళంచెవిని విజయ్‌కుమార్ పక్కన, ఆ కవరు పక్కనే పెట్టాడు. అదేమిటని అడగలేదు. హెల్మెట్ తీస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మలుపు దగ్గర ఆగానని భార్యకు చెప్పాడు. గోడ పక్కన నేలమీద పడుకున్నానన్నాడు. అట్లా ఎందుకు చేశాడో తనకే తెలియదట. కానీ వెల్లకిలా పడుకుని పైకి చూస్తే, ఆ రోజు పడిన చోటునుంచి కనబడినవన్నీ వరసగా గుర్తొచ్చాయట. వాన, రోడ్డు వారన తెల్ల కారు, తెరిచిన తలుపు. బీరప్ప తలను ఒడిలో పెట్టుకుని సీసాతో నీళ్ళు పోస్తూ ఏడుస్తున్న మనిషి.

“గా నీళ్ళు పోసింది నువ్వే సేటూ,” అన్నాడు దశరథ్.

విజయ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. కారు నేనే నడిపిన, తప్పు నాదే, పోలీసుల దగ్గరికి రేపు నేనే వస్తనని గబగబా అన్నాడు. ఎవరైనా అడ్డం వచ్చేలోపు చెప్పేయాలన్నట్టు చెప్పాడు.

దశరథ్ తల అడ్డంగా ఊపాడు.

“నడిపింది నువ్వు కాదు. నువ్వు పక్క సీట్ల నుంచి దిగినవ్. స్టీరింగు ముందర కూసున్నోడు దిగనే లేదు. ఇంజను ఆపలేదు. ‘అన్నా, పోదాం పా. వాడు సచ్చేటట్టే ఉన్నడు, పా’ అన్నడు. గా గొంతు గిప్పుడు గూడ వినబడుతుంది నాకు.”

‘అన్నా’ అన్న మాట దగ్గర ముగ్గురి చూపులూ ఒకేసారి వ్యాను వైపు తిరిగాయి.

అద్దం కిందికి దిగి ఉంది. ప్రేమ్‌సాగర్ ముఖం మీద దస్తీ లేదు. అరుగు దగ్గర జరిగిన ప్రతి మాటా అతను విన్నాడని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. విజయ్‌కుమార్ వద్దు తమ్మీ అంటూ రెండడుగులు వేశాడు. వ్యాను స్టార్టయింది.

పారిపోతాడనుకుని దశరథ్ అడ్డంగా పరుగెత్తబోయాడు. కానీ వ్యాను రోడ్డు వైపు పోలేదు. ఒక్క కుదుపుతో వెనక్కి కదిలి, ఇంటి పక్క సందులోకి తిరిగి, వెనక ఉన్న కొట్టం వైపు వేగం అందుకుంది. ప్రేమ్‌సాగర్‌కు కావలసింది ఆ బండిని గుద్ది ఆనవాలు లేకుండా చేయడం. లోపల మనిషి ఉన్నాడని అతనికి తెలియదు.

నవనీత బాలస్వామి పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తింది. కొట్టం తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది.